స్నానం చేయించాక కుక్క ఎందుకు గోక్కుంటుంది?

తల నుంచి తోక దాకా శుభ్రంగా రుద్ది, కడిగి, తుడిచి వదులుతాం. కాసేపటికే అది గోడకు ఒళ్లు రాసుకుంటుంది, వెనక కాలితో చెవి గోక్కుంటుంది, పాదాలు నాకుతుంది. మురికి పోయాక దురద తగ్గాలి కదా, పెరిగిందేమిటని చాలామంది కంగారు పడతారు. కొందరు స్నానమే మానేస్తారు, కొందరు నెలకో షాంపూ మారుస్తారు. రెండూ అవసరం లేదు. కుక్క చర్మం ఎలాంటిదో, నీళ్లూ సబ్బూ దాన్ని ఏం చేస్తాయో తెలిస్తే చాలా ఇళ్లలో ఈ దురద స్నానాల గదిలోనే తగ్గిపోతుంది. ఆ విశేషాలే ఇవి.

మన చర్మం కన్నా పలచన

కుక్క ఒళ్లంతా బొచ్చు ఉంటుంది కాబట్టి చర్మం గట్టిదనుకుంటాం. నిజానికి మనిషి చర్మం పైపొరలో 10 నుంచి 15 వరసల కణాలుంటే, కుక్కకు బొచ్చు ఉన్నచోట 3 నుంచి 5 వరసలే ఉంటాయి. ఎండ, దుమ్ము, రాపిడి నుంచి కాపాడే పని చాలావరకు బొచ్చు చూసుకుంటుంది. అందుకే బొచ్చు దాటి చర్మాన్ని చేరిన ఘాటైన సబ్బు, గట్టి బ్రష్షు, మరీ వేడి నీళ్లు మనకన్నా దానికి త్వరగా బాధ కలిగిస్తాయి.

మన సబ్బు దానికి ఎందుకు పడదు?

మన చర్మానికి కాస్త ఆమ్ల గుణం ఉంటుంది. పీహెచ్ 5 చుట్టుపక్కల ఉంటుంది. కుక్క చర్మం తటస్థానికి దగ్గర, సుమారు 7. మన తలకు వాడే షాంపూలు మన చర్మం లెక్కకు తయారైనవి. ఒంటి సబ్బు బిళ్లల పీహెచ్ అయితే 9 నుంచి 10 దాకా ఉంటుంది. మనుషుల షాంపూ ఒక్కసారి వాడినంత మాత్రాన ప్రమాదమేమీ లేదు. అదే పనిగా వాడితే చర్మం పొడిబారి, పొట్టు రాలి, దురద మొదలవుతుంది. చంటిపిల్లల షాంపూ మెత్తనిదే అయినా అది కూడా మనిషి చర్మం కోసం చేసిందే. కుక్కల కోసం చేసిన షాంపూ, అందులోనూ సువాసన తక్కువున్నది మేలు. ఘాటైన పరిమళం మన ముక్కుకు హాయిగా ఉన్నా, దాని ముక్కుకూ చర్మానికీ భారమే.

ఒంటికి సొంత నూనె ఉంది

ప్రతి వెంట్రుక మొదట్లో ఉండే గ్రంథుల నుంచి సన్నని జిడ్డు ఊరుతుంది. అది చర్మం మీదా వెంట్రుకల మీదా పరుచుకుని, తామరాకు మీద నీళ్లు నిలవనట్టు వాన చినుకుల్ని జారిపోయేలా చేస్తుంది. చర్మంలోని తడి ఆరిపోకుండా పట్టి ఉంచేదీ ఈ పొరే. షాంపూ మురికితో పాటు ఈ నూనెనూ తీసుకుపోతుంది. అది మళ్లీ ఊరడానికి కొంత సమయం పడుతుంది. ఈలోగా చర్మం బిగుసుకుంటుంది. స్నానం తర్వాత ఒకటి రెండు రోజులు అక్కడక్కడా గోక్కుని మానేసే కుక్కల్లో చాలావాటికి కారణం ఇదే. ఎక్కువ నురగ వస్తే ఎక్కువ శుభ్రమని షాంపూ రెండు మూడుసార్లు పట్టించడం అందుకే మంచిది కాదు.

ఒంటి నిండా చెమట పట్టదు

మనకు పట్టినట్టు నీళ్లలాంటి చెమట పట్టించే గ్రంథులు కుక్కకు ప్రధానంగా పాదాల అడుగు మెత్తల్లోనే ఉంటాయి. ఒంటి వేడి తగ్గించుకోవడానికి అది నాలుక చాపి వగరుస్తుంది. కాబట్టి మనలా రోజూ స్నానం దానికి అక్కర్లేదు. వేసవి కదా అని రోజూ షాంపూ పెట్టడం కన్నా నీడ, గాలి, తాగడానికి చల్లని నీళ్లు ఇవ్వడం దానికి ఎక్కువ ఊరట.

విదిలింపులో ఇంత లెక్క ఉందా?

తడిసిన కుక్క ఒళ్లు విదిలించి మనల్ని కూడా తడిపేస్తుంది. అమెరికాలోని జార్జియా టెక్ పరిశోధకులు ఎలుక నుంచి ఎలుగుబంటి దాకా రకరకాల జంతువులు విదిలించుకునే తీరును వేగంగా బొమ్మలు తీసే కెమెరాలతో చిత్రించి, 2012లో ఫలితాలు ప్రచురించారు. జంతువు చిన్నదైన కొద్దీ విదిలింపు వేగం పెరుగుతుందని తేలింది. చిట్టెలుక సెకనుకు 30 సార్లు ఊగితే, లాబ్రడార్ లాంటి పెద్ద కుక్క 4 నుంచి 5 సార్లు ఊగుతుంది. వదులుగా ఉండే చర్మం ఎముకల మీద అటూ ఇటూ జారడం వల్ల ఆ ఊపు ఇంకా బలంగా ఉంటుంది. కొద్ది క్షణాల్లోనే బొచ్చులోని నీళ్లలో 70 శాతం దాకా ఎగిరిపోతాయి.

ఆ విదిలింపును పుట్టించే నరాలేవో 2024లో తెలిసింది. హార్వర్డ్ శాస్త్రవేత్తలు చిట్టెలుకల మెడ మీద నూనె చుక్కలు వేసి చూశారు. వెంట్రుకల మొదళ్లను చుట్టి ఉండే, అతి మెల్లని స్పర్శను కూడా పసిగట్టే ఒక రకం నరాలే ఆ కబురు వెన్నుపాముకూ అక్కడి నుంచి మెదడుకూ చేరవేస్తాయని గుర్తించారు. కాబట్టి స్నానం కాగానే విదిలించుకోవడం దురద కాదు. దాన్ని ఆపకండి. తువ్వాలు చేత్తో పట్టుకుని ముందు రెండుసార్లు విదిలించుకోనివ్వండి, తర్వాత తుడవడం తేలిక.

గోకే కాలు మెదడును అడగదు

పొట్ట పక్కన గీరితే కుక్క వెనక కాలు దానంతటదే గాలిలో ఆడుతుంది. ఈ చర్యను బ్రిటన్ శాస్త్రవేత్త చార్లెస్ షెరింగ్టన్ ఇరవయ్యో శతాబ్దం తొలి ఏళ్లలో లోతుగా పరిశీలించారు. మెదడు ఆజ్ఞ లేకుండానే వెన్నుపాము దాన్ని నడిపించగలదని చూపించారు. నరాల మీద చేసిన కృషికి 1932లో ఆయన నోబెల్ బహుమతి పంచుకున్నారు. అంటే గోక్కునే కుక్క మొండిగా చేస్తున్నట్టు కాదు. కసిరినా, కాలు పట్టుకుని ఆపినా దురద పోదు. కారణాన్నే వెతకాలి.

పరుగులన్నీ దురద కావు

స్నానాల గది తలుపు తీయగానే ఇల్లంతా పిచ్చిగా పరిగెత్తడం, మంచం మీదా మట్టిలోనూ దొర్లడం చాలా కుక్కలకు అలవాటు. పట్టి ఉంచిన ఒత్తిడి తీరిపోవడం, తడి బొచ్చును ఆరబెట్టుకోవడం, పోయిన సొంత వాసనను మళ్లీ తెచ్చుకోవడం ఇందులో కలిసి ఉంటాయి. కొన్ని నిమిషాల్లో చల్లబడితే చింతించాల్సింది లేదు. అదే ఒకే చోట పదేపదే గోక్కోవడం, కొరుక్కోవడం, నాకి నాకి బొచ్చు రంగు మారడం, నిద్రలోంచి లేచి మరీ గోక్కోవడం కనిపిస్తే అది దురదే.

బోరు నీళ్లూ సబ్బూ

తెలంగాణలో, రాయలసీమలో చాలా ఊళ్లలో బోరు నీళ్లు గట్టివి. వాటిలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు సబ్బుతో కలిసి తెల్లటి జిగట తెట్టు కడతాయి. బకెట్ అంచుకు, కుళాయి మూతికి పట్టే తెలుపు చూసే ఉంటారు. ఆ తెట్టే బొచ్చులోనూ చిక్కుకుంటుంది. ఆరాక పొడిగా రాలుతుంది, చర్మాన్ని గీరుతుంది. సబ్బు బిళ్ల వాడే ఇళ్లలో ఈ ఇబ్బంది ఎక్కువ, షాంపూతో తక్కువ. మంచినీళ్ల కుళాయి ఉంటే కనీసం ఆఖరి రెండు మూడు చెంబులు ఆ నీళ్లు పోయండి. వాన నీళ్లు పట్టి ఉంచుకుంటే మరీ మంచిది.

సబ్బు దాక్కునే చోట్లు

స్నానం తర్వాత దురదకు మరో మామూలు కారణం సరిగా కడగకపోవడం. వీపు మీద నీళ్లు పోస్తే నురగ కిందికి జారుతుంది. చంకల్లో, తొడల సందుల్లో, పొట్ట కింద, మెడ పట్టీ ఉండే చోట, తోక మొదట్లో, కాలి వేళ్ల మధ్య ఆగిపోతుంది. మర్నాటి నుంచి కుక్క సరిగ్గా ఆ చోట్లే నాకుతుంది.

ఒక చిన్న పరీక్ష చేసి చూడండి. కడగడం అయిపోయిందనిపించాక వేళ్లను బొచ్చు వాలుకు ఎదురుగా, చర్మం తగిలేలా చంకలోకి పోనివ్వండి. వేళ్లు జారుతుంటే సబ్బు ఇంకా ఉన్నట్టే. వెంట్రుకలు వేలికి పట్టుకుని, కాస్త గరుగ్గా తగిలితే పోయినట్టు. తర్వాత కాలి మీది బొచ్చును పిడికిట్లో పట్టి పిండండి. కారే నీళ్లు తెల్లగా ఉంటే మళ్లీ కడగాలి, తేటగా ఉంటే చాలు. షాంపూ రుద్దిన సమయానికి రెండింతలు కడగడానికి ఇవ్వాలన్నది మంచి లెక్క. షాంపూను నేరుగా ఒంటి మీద పోయకుండా మగ్గు నీళ్లలో కలిపి పోస్తే కడగడమూ సులువవుతుంది.

వేడి నీళ్లు హాయి కాదు

ఆరోగ్యంగా ఉన్న కుక్క ఒంటి వేడి 38.3 నుంచి 39.2 డిగ్రీల సెల్సియస్. మనకన్నా ఎక్కువే. అలాగని మరిగిన నీళ్లు కలపకూడదు. వేడి నీళ్లకు చర్మంలో రక్తనాళాలు వెడల్పవుతాయి, ఉన్న దురద రెట్టింపవుతుంది. మోచేతి లోపలి వైపు పోసుకుంటే వెచ్చదనం పెద్దగా తెలియని గోరువెచ్చని నీళ్లు చాలు. దురద ఉన్న కుక్కకు అంతకన్నా కొంచెం చల్లగా ఉన్నా మంచిదే.

పైన ఆరింది, లోపల తడి

గోల్డెన్ రిట్రీవర్, జర్మన్ షెపర్డ్, హస్కీ లాంటి జాతులకు పైన పొడుగు బొచ్చు, దాని కింద ఊలు లాంటి మెత్తని బొచ్చు ఉంటాయి. పైబొచ్చు ఆరి మెరుస్తున్నా లోపల చర్మం గంటల తరబడి తడిగానే ఉంటుంది. విశాఖ, విజయవాడ, కాకినాడ లాంటి ఉక్క ఊళ్లలో వానాకాలమైతే మరీ ఆలస్యం. ఆ తడిలో బాక్టీరియా పెరుగుతుంది. దురద పుట్టి కుక్క గోక్కుంటే కొన్ని గంటల్లోనే ఎర్రగా, చెమ్మగా, బొచ్చు ఊడిన పుండు తయారవుతుంది. డాక్టర్లు దీన్ని హాట్ స్పాట్ అంటారు. పొద్దుటికి రూపాయి బిళ్లంత ఉన్నది సాయంత్రానికి అరచేయంత కావచ్చు.

తువ్వాలుతో గట్టిగా రుద్దకండి, బొచ్చు చిక్కుపడి చర్మం రాచుకుపోతుంది. ఒత్తి ఒత్తి నీళ్లు పీల్చేయాలి. డ్రయ్యర్ వాడితే చల్లగాలి మీదే, చేతి దూరంలో పెట్టి, వేళ్లతో బొచ్చు విడదీస్తూ ఆరబెట్టాలి. స్నానానికి ముందే దువ్వి చిక్కులు తీస్తే పని సగం తగ్గుతుంది, ఎందుకంటే తడిసిన చిక్కు ఇంకా బిగుసుకుంటుంది. కొల్లేరు ప్రాంతపు జోనంగికీ, మన వీధుల్లోని దేశవాళీ కుక్కలకూ పొట్టి బొచ్చే కాబట్టి ఎండలో, గాలిలో త్వరగా ఆరిపోతాయి. ఈ నేల వాతావరణానికి తగిన ఒళ్లు వాటిది.

కలిపి దాచిన షాంపూతో ప్రమాదం

వచ్చేసారికి పనికొస్తుందని షాంపూలో నీళ్లు కలిపి సీసాలో ఉంచేవాళ్లున్నారు. ఆ పలచని ద్రవంలో సూడోమొనాస్ అనే బాక్టీరియా పెరగగలదు. దాన్ని బొచ్చు వాలుకు ఎదురుగా గట్టిగా రుద్దితే వెంట్రుకల కుదుళ్లలోకి దిగిపోతుంది. స్నానమైన ఒకటి రెండు రోజుల్లో వీపు మీద చీము గడ్డలు లేస్తాయి. జ్వరం వస్తుంది, ముట్టుకుంటే కుక్క నొప్పితో అరుస్తుంది. ఇది అరుదుగానే వస్తుంది, కానీ వస్తే ఆ రోజే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. ఎప్పటి షాంపూ అప్పుడే కలపండి, మిగిలింది పారబోయండి. స్నానం చేయించేటప్పుడు బొచ్చు వాలు వెంటే రుద్దండి.

తడి కాగితం చెప్పే నిజం

ఎంత బాగా కడిగినా దురద తగ్గకపోతే ఫ్లీస్ ఉన్నాయేమో చూడాలి. ఇవి బొచ్చులో పరిగెత్తి, ఎగిరి దూకే చిన్న ముదురు గోధుమ రంగు పురుగులు. కళ్లకు సులభంగా దొరకవు. తెల్ల కాగితం పరిచి దాని మీద కుక్క తోక మొదలు దగ్గర సన్న దువ్వెనతో దువ్వండి. రాలిన నల్ల నలుసుల మీద రెండు చుక్కల నీళ్లు వేయండి. మామూలు మట్టి అయితే మట్టి రంగులోనే ఉంటుంది. నలుసు చుట్టూ ఎర్రటి మరక విచ్చుకుంటే అది ఫ్లీ విసర్జన, అంటే అది తాగి అరిగించుకున్న కుక్క రక్తం. ఫ్లీ ఉమ్ము పడని కుక్కకు కొద్ది కాట్లు చాలు, రోజుల తరబడి గోక్కుంటుంది. షాంపూ ఒంటి మీదున్న వాటిని కొన్నిటిని చంపుతుందేమో గాని, పక్కబట్టల్లో, మూలల్లో ఉన్న గుడ్లను, పిల్లపురుగులను ఏమీ చేయదు. అవి ఎదిగి మళ్లీ కుక్క మీదికే వస్తాయి. కుక్క పడుకునే గుడ్డల్ని వేడి నీళ్లలో ఉతకడం, మూలలు ఊడ్చడం వైద్యంలో భాగమే.

పిడుదులు గోడల్లో కాపురం

మన దగ్గర కుక్కలను పట్టే గోధుమ రంగు పిడుదు ఇంట్లోనే తరతరాలు బతకగలదు. రక్తం తాగి ఉబ్బిన ఆడ పిడుదు కిందికి రాలి, గోడ పగుళ్లలో, తలుపు చట్రాల వెనక వేల సంఖ్యలో గుడ్లు పెడుతుంది. కాట్ల వల్ల దురదే కాదు, ఎర్లీకియా అనే బాక్టీరియా సోకి ప్రాణాంతక జ్వరం కూడా రావచ్చు. పిడుదులు పోవాలని కిరోసిన్, ఫినాయిల్ పూయడం, గాయాలు కడిగే ఘాటు ద్రవాలతో ఒళ్లు కడగడం దయచేసి మానండి. అవి చర్మాన్ని కాలుస్తాయి, నాకితే విషమవుతాయి. మెడ మీద చుక్కలుగా వేసే మందులు ఒంటి నూనె ద్వారానే పరుచుకుంటాయి. అందుకే వాటికి ముందూ తర్వాతా రెండేసి రోజులు స్నానం వద్దంటారు. ఇంట్లో పిల్లి కూడా ఉంటే ఇంకో జాగ్రత్త ఉంది. పర్మెత్రిన్ ఉన్న కుక్కల మందు పిల్లి ప్రాణం తీయగలదు.

చెవి లోపల మలుపు

కుక్క చెవి గొట్టం ముందు నిలువుగా దిగి, తర్వాత లోపలికి మలుపు తిరుగుతుంది. అందులోకి వెళ్లిన నీళ్లు సులువుగా బయటికి రావు. చెవులు వేలాడే లాబ్రడార్, కాకర్ స్పానియల్ లాంటి వాటిలో ఆ వెచ్చని తడికి ఫంగస్ త్వరగా పెరుగుతుంది. స్నానం తర్వాత తల ఒకే పక్కకు వాల్చడం, చెవి గోక్కోవడం, పులిసిన వాసన, గోధుమ రంగు గులిమి కనిపిస్తే అది చర్మం దురద కాదు, చెవి జబ్బు. తల మీద నీళ్లు పోయకుండా ముఖాన్ని తడిగుడ్డతో తుడిస్తే సరిపోతుంది. చెవిలోకి పుల్లలు పెట్టకండి.

చెవి అంచు రుద్ది చూడండి

చెవి అంచును వేళ్ల మధ్య మెల్లగా రుద్దితే వెనక కాలు గోకుతున్నట్టు ఆడితే గజ్జి అని అనుమానించాలి. కంటికి కనిపించని పురుగు చర్మంలో సొరంగాలు తవ్వడం వల్ల వచ్చే జబ్బిది. చెవి అంచులు, మోచేతులు, పొట్ట కింద బొచ్చు ఊడుతుంది. మనుషులకూ కొన్నాళ్లు దద్దుర్లు రావచ్చు. గజ్జికుక్క అని వీధిలో రాళ్లేసి తరిమే ఆ ప్రాణికి ఇప్పుడు నోటి ద్వారా ఇచ్చే మంచి మందులున్నాయి. చాలావాటికి పూర్తిగా నయమవుతుంది.

స్నానమే మందు అయ్యే కుక్కలు

కొన్నిటికి పుట్టుకతోనే ఎలర్జీ స్వభావం ఉంటుంది. ఎక్కువగా 6 నెలల నుంచి 3 ఏళ్ల మధ్య బయటపడుతుంది. ఇంటి దుమ్ములోని పురుగులు, పుప్పొడి, బూజు పడవు. పాదాలు, ముఖం, చెవులు, చంకలు, పొట్ట ఎర్రబడతాయి. ఇలాంటి కుక్కకు డాక్టరు చెప్పిన షాంపూతో వారానికోసారి స్నానం చేయిస్తే ఒంటి మీద వాలిన ఆ నలుసులు కొట్టుకుపోయి దురద తగ్గుతుంది. దురద కబురు మోసే ఇంటర్‌ల్యూకిన్ 31 అనే పదార్థం పనిని అడ్డుకునే మందులూ వచ్చాయి. అమెరికాలో 2013లో అనుమతి పొందిన ఓక్లాసిటినిబ్ మాత్ర వాటిలో ఒకటి. ఇవి డాక్టరు చూసి రాయాల్సినవి, పక్కింటి కుక్కకు పనిచేసిందని కొని వేయాల్సినవి కావు.

మందు కలిసిన షాంపూ పట్టించి వెంటనే కడిగేస్తే ఉపయోగం ఉండదు. సాధారణంగా 10 నిమిషాలు ఒంటి మీద ఉండాలి. గడియారం చూసి లెక్కపెట్టండి, ఆ సేపు మెల్లగా నిమురుతూ ఉండండి.

వంటింట్లోని ఓట్స్

పొడి చర్మానికి ఓట్స్ నిజంగా పనిచేస్తాయి. వాటిలోని అవెనాంత్రమైడ్స్ అనే పదార్థాలు వాపును, దురదను తగ్గిస్తాయి. మసాలా, తీపి కలపని ఓట్స్‌ను మిక్సీలో మెత్తని పిండి చేయండి. గ్లాసు నీళ్లలో చెంచా పిండి కలిపితే నీళ్లు పాలలా తెల్లబడి వేళ్లకు నున్నగా తగలాలి. అడుగున పేరుకుంటే ఇంకా మెత్తగా పట్టాలి. ఈ పిండి గోరువెచ్చని బకెట్ నీళ్లలో కలిపి, షాంపూ కడిగేశాక ఒంటి మీద మెల్లగా పోస్తూ 10 నిమిషాలు ఉంచి తేట నీళ్లతో కడగండి. పుండ్లు, చీము ఉంటే మాత్రం ఇది చాలదు.

ఎన్నాళ్లకోసారి?

ఆరోగ్యంగా ఉన్న కుక్కకు నెలకోసారి, మురికి పట్టినప్పుడు మరోసారి చాలు. మధ్యలో రోజూ దువ్వడం, బయటి నుంచి రాగానే పాదాలు తుడవడం స్నానమంత మేలు చేస్తాయి. దువ్వినప్పుడు ఒంటి నూనె వెంట్రుకల చివరి దాకా పాకుతుంది. చేప నూనెలోని ఒమేగా 3 కూడా చర్మానికి మంచిదే. దాని గుణం కనిపించడానికి 8 నుంచి 12 వారాలు పడుతుంది, మోతాదు కుక్క బరువును బట్టి డాక్టరు చెప్పాలి.

ఎప్పుడు ఆగకూడదు?

దురద రెండు రోజులు దాటినా తగ్గకపోతే, పుండు, చీము, దుర్వాసన, బొచ్చు ఊడటం కనిపిస్తే, జ్వరం వచ్చి తిండి మానేస్తే ఇంటి వైద్యం ఆపండి. ముఖం వాచినా, ఊపిరి అందకపోయినా క్షణం ఆలస్యం చేయకండి. ఊళ్లోని ప్రభుత్వ పశువైద్యశాలకు గాని, తిరుపతి, రాజేంద్రనగర్ పశువైద్య కళాశాలల ఆసుపత్రులకు గాని తీసుకెళ్లవచ్చు. వెళ్లేటప్పుడు వాడిన షాంపూ సీసా వెంట తీసుకెళ్లండి, దురద ఏ రోజు ఎక్కడ మొదలైందో రాసుకెళ్లండి. డాక్టరుకు సగం దారి అక్కడే దొరుకుతుంది.

ఎక్కడ దురదగా ఉందో కుక్క నోటితో చెప్పలేదు, గోకి చూపిస్తుంది. కాబట్టి ఈసారి షాంపూ మార్చే ముందు స్నానం చేయించే తీరు మార్చి చూడండి. తక్కువ షాంపూ, గోరువెచ్చని నీళ్లు, ఓపికగా కడగడం, చర్మం దాకా ఆరబెట్టడం. ఈ నాలుగూ పాటించాక కూడా గోక్కుంటుంటే, దాన్ని కసరకుండా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.